ఘర్షణను విస్మరించండి

తొమ్మిదో తరగతి, బి సెక్షను, భోజనం గంటకు ముందరి పీరియడు.
బోర్డు మీద ఒక దిమ్మె గీశాను,
దాని ఒంటికి నాలుగు బాణాలు గుచ్చాను.
కిందికి భారం. పైకి అభిలంబ బలం.
ముందుకి తోపు. వెనక్కి ఘర్షణ.
తర్వాత, పాతికేళ్ళుగా చేస్తున్న పనే,
వెనక బాణాన్ని డస్టరుతో తుడిచేసి
"లెక్క సులువు కోసం ఘర్షణను విస్మరించండి" అన్నాను.

"ఆ రోడ్డు ఎక్కడుంది టీచర్?"
చివరి బెంచీ, కాలేషా.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
నవ్వితే పక్కకి జరిగిపోయేంత
తేలికపాటి ప్రశ్న అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం, శంకర్ విలాస్ వంతెన.
మిర్చి యార్డు వారం సరుకంతా గాలిలోనే ఉంది,
హెల్మెట్ లోపల తుమ్ముల మీద తుమ్ములు.
ఎగువలో సగం దాకా వచ్చి ఆగిపోయిన తోపుడుబండి.
నాలుగు టిక్కీలు.
వెనక చక్రం కింద ఇటుకముక్క,
ఇటుక పక్కన కాలేషా.
వాళ్ళ మామ నడుం పట్టేసి
పిట్టగోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.
టిక్కీకి నలభై అయిదు కిలోలు,
గురుత్వ త్వరణం పది అనుకుంటే
పద్దెనిమిది వందల న్యూటన్లు...
ముందు లెక్క వేశాను.
స్కూటీకి స్టాండు ఆ తర్వాత వేశాను.

చేతులు ఆనించి తోశాను. ఏమీ జరగలేదు.
"అట్టా అరచేతుల్తో కాదు టీచర్, భుజం పెట్టండి.
బండిని కాదు, రోడ్డుని ఎనక్కి తన్నండి."
మూడో నియమం!
దాన్ని ఇన్నేళ్ళూ పడవ దిగే మనిషితో చెప్పాను,
తుపాకీతో చెప్పాను, గాలి వదిలిన బుడగతో చెప్పాను.
నా మడమతో ఒక్కసారీ చెప్పలేదు.

తన్నాను. అయినా లేదు.
ఏదీ కదలకముందు ఒక కాసేపు ఉంటుంది,
రక్తం చెవుల్లో మోగే కాసేపు.
పుస్తకంలో దాని పేరు స్థైతిక ఘర్షణ,
ఒక పేరా, ఒక పటం, రెండు మార్కులు.

ఇటుక కిర్రుమంది.
కదిలింది.
కదిలాక ఇందాకటంత మొండితనం లేదు,
నిజమే, పుస్తకం అబద్ధం చెప్పదు.
"ఆపకండి టీచర్, ఆపితే మళ్ళా మొదట్నుంచీ!"

పైకి చేరాక హమ్మయ్య అనబోయాను.
వాడు ఒక్క గెంతులో బండి ముందుకి పోయి
టిక్కీలకి వీపు ఆనించి
మడమలు తారులోకి దించాడు.
దిగుడే కష్టమంట.
ఎక్కేటప్పుడు బండిని మనం తోస్తాం,
దిగేటప్పుడు అది మనల్ని తోసుకుపోతుందంట.
కింద బస్సు హారన్లు, అడ్డంగా తిరిగే ఆటోలు,
రోడ్డు దాటుతూ నిమ్మకాయల గంప ఒకటి.
అటు చూడలేక వాడి చెప్పులు చూశాను.
ఎడమదానికి పిన్నీసు.
కుడిదాని మడమ అరిగి అరిగి
అట్టముక్కంత మిగిలింది.
ఆ అట్టకీ తారుకీ మధ్య ఉన్నదే
మొన్న నేను డస్టరుతో తుడిచేసింది.

సోమవారం బడికొచ్చాడు, ఏమీ జరగనట్టు.
దిమ్మె కింద నేల గీయబోతే సుద్దముక్క జారింది,
ఎవరో నూనె చెయ్యి ఆనించిన చోట.
నున్నటి చోట సుద్ద కూడా రాయదు.
ఇప్పుడే తెలిసినదానిలా
కాసేపు అక్కడే నిలబడ్డాను.
లీడరు "టీచర్" అని పిలిచేదాకా.

యూనిట్ టెస్టు, నాలుగో ప్రశ్న:
వాలుతలంపై ఉన్న వస్తువు మీద పనిచేసే బలాలను గుర్తించుము.
కాలేషా అయిదు బాణాలు గీశాడు.
నాలుగింటికి పేర్లు రాశాడు.
అయిదోది వెనకనుంచి, తోపు పక్కనే. పేరు లేదు.
కీ ప్రకారం తప్పు.
ఎర్రపెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను.
దిశ సరిగ్గానే ఉంది.
పొడవు మాత్రం
ఉన్నదానికంటే చాలా ఎక్కువ గీశాడు.